మూత వేస్తే ఏమీ చేయవద్దు

మేనకోడలు ఉగ్నే కొత్తది కొనుక్కుని
పాతది నా ఒళ్ళో పడేసింది.
పది అంగుళాల తెర, నిలువునా ఒక నల్లగీత,
మీటల్లో ఒక అక్షరం ఎప్పుడో ఊడిపోయింది.
అమ్మితే ఒక పూట భోజనం కూడా రాదట,
పారేయడానికి మనసొప్పదట.

క్లైపెడా రేవులో నేను పడవ తాళ్ళు కట్టేవాణ్ణి.
ఇటునుంచి ఇసుకతిప్పకి ఐదు నిమిషాలు,
అటునుంచి ఇటు మరో ఐదు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే నా దేశాటన.
జేబులో ఉన్నది మీటల ఫోను,
మోగడమే తప్ప పాడటం తెలియనిది.

గురువారాలు మాత్రం నేను పాడతాను,
మా బృందంలో మంద్రం వరసలో,
కుడివైపు చివర, తలుపు పక్కన,
చలిగాలి అందరికన్నా ముందు తాకే చోట.
వేసవి పండుగకి పద్నాలుగు పాటలు రావాలి.
పాఠం చెప్పే దైనోరా రెండు మైకులు పెట్టి అంతా రికార్డు చేసి
"మోసుకు తిరగండి, వింటూ ఉండండి" అంది.

నేను మోసుకు తిరిగాను.
రొట్టెల సంచిలో, తువ్వాలు చుట్టి, వీపున.
జిప్పు మూలనుంచి ఎలుకతోకలా ఒక తీగ.
మూత పడిందా, నిద్రపోయేది,
సగం పాటలో, సగం మాటలో,
అన్నం ముందు కునికే పిల్లాడిలా.
సీసా బిరడా ఒకటి సందులో ఇరికించాను.
పడవ గట్టుకి తగిలిన ప్రతిసారీ బిరడా జారేది,
పాట ఆగేది, నేను తిట్టేవాణ్ణి.
ఉగ్నే కడుపు పట్టుకుని నవ్వింది.
ఏవో లోపలి అరలు తెరిచి
'మూత వేస్తే' అని ఉన్నచోట
'ఏమీ చేయవద్దు' అని నొక్కి ఇచ్చింది.

అప్పటినుంచి అది ఏమీ చేయకుండా
పాడుతూ ఉంది.
ఇంతకన్నా మంచి ఉద్యోగం నేనెరగను.

పాట మార్చడం పెద్ద తతంగం.
చేతి తొడుగులు విప్పాలి, గుంజ మీద కూర్చోవాలి,
సంచి తెరవాలి, తువ్వాలు తీయాలి,
గడ్డకట్టిన వేలిని అది వేలని ఒప్పుకోదు.
అందుకే మార్చను.
నచ్చని పాటని కూడా పిలవని చుట్టాన్నిలా
చివరిదాకా కూర్చోబెట్టి సాగనంపుతాను.
వాటిలో రెండు ఇప్పుడు నాకు కావలసినవాళ్ళు.

జనవరిలో, సున్నాకి పదకొండు కింద,
వెన్ను మీద అరచేయంత ఎండ.
లోపల చిన్న ఫ్యాను పిల్లిలా గురక.

ఇయర్‌ఫోనుల్లో కుడిది నవంబరు వానలోనే చచ్చిపోయింది.
పోనీలే, కెప్టెను అరుపులకి ఒక చెవి ఉండాలి.
ఎడమ చెవిలో ఆడగొంతులు నిండుగా,
వాటి వెనక సన్నగా మగవాళ్ళ పైస్థాయి.
మా వరస లేదు.
చెవి రిక్కిస్తే ఎక్కడో,
గోడవతల పక్కింటివాళ్ళ మాటల్లా.
పునాది మర్చిపోయి కట్టిన ఇల్లు
నా చెవిలో గాలికి ఊగుతోంది.
చూస్తూ ఊరుకోలేకపోయాను.

డీజిలు మోతలో, గొలుసుల చప్పుడులో
నోరు దానంతటదే తెరుచుకుంది.
సైకిలు పట్టుకున్న ఒకావిడ
నన్నొకసారి చూసి, సైకిలుతో సహా జరిగింది.
ఒక పిల్లాడు మాత్రం దగ్గరికొచ్చి
"ఎవరితో పాడుతున్నావు?" అన్నాడు.
వంగి సంచి చూపించాను.
చెవి ఆనించి, చాలాసేపు విని,
"ఇందులో ఫ్యానే తిరుగుతోంది" అన్నాడు.

పుట్టినరోజుకి ఉగ్నే కొత్త ఇయర్‌ఫోనులు తెచ్చింది.
రెండు చెవులా పెట్టుకున్నాను.
కుడివైపు ఏడుగురు మగవాళ్ళం, బరువుగా, చక్కగా.
మూడో పాటలో దగ్గింది నేనే.
నాకు చోటే లేదు.
కొత్తవి సొరుగులో పెట్టేశాను, అది అడిగితే
పడవలో పాడవుతాయని చెప్పాను.

ఆఖరి పడవకి బ్యాటరీ ఎప్పుడూ అంతంతే.
నిన్న నడినీటిలో, నాలుగో చరణంలో,
చెప్పాపెట్టకుండా ఆరిపోయింది.
వెన్ను కొంచెంసేపు వెచ్చగానే ఉంది.
నా వరస నేను పాడుతూ
గట్టు వచ్చాక తాడు విసిరి, రెండు చుట్లు చుట్టి,
ముడి బిగించాక ఆపాను.